పదకొండు సెకన్ల కారు

పాత సినిమాల్లో కనిపించే అరుదైన స్పోర్ట్స్ కార్లను గుర్తుపట్టే పనికి లోకంలో ఎవరూ జీతం ఇవ్వరు. లోకం మీద నాకున్న కొద్దిపాటి గౌరవానికి అదొక కారణం. నేనా పని మూడేళ్లు చేశాను. ఆదివారం ఆదివారం, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ చేశాను.

అప్పట్లో నాది శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ఉద్యోగం. విమానాశ్రయం తెరిచిన రెండో ఏడు చేరాను. "మావోడు ఎయిర్‌పోర్టుల చేస్తడు" అని అమ్మ చెబితే చుట్టాలు నన్ను పైలట్‌కు ఒక మెట్టు కింద ఉన్నవాడిలా చూసేవాళ్లు. నేను చేసేది వచ్చిన కారుకు చీటీ ఇవ్వడం, పోయే కారు చీటీ తీసుకోవడం. రోజుకు ఎనిమిది గంటలు బండ్ల ముఖాలు చూస్తూ కూర్చుంటే కొన్నాళ్లకు దీపం వంపు చూసి బండి పేరు, ఏడు, అది ఎన్నిసార్లు గుద్దుకుందో కూడా చెప్పగలిగే స్థితి వస్తుంది. దీన్ని ప్రతిభ అనేవాళ్లు ఉంటారని నాకు తెలియదు. బ్యాంకు సారు కలిసేదాకా తెలియదు.

బ్యాంకు సారు బ్యాంకులో రిటైరై మైలార్‌దేవ్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కున్న కోస్తా ఆయన. ఒకరోజు పార్కింగ్‌లో తన కారు తానే పోగొట్టుకుని తిరుగుతున్నాడు. ఏ బండో అడిగి, మూడు వరుసల అవతల వెనక దీపం అంచు కనిపిస్తే అదే మీ బండి అని చూపించాను. ఆయన కారు దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"అంత దూరం నుంచి ఎలా గుర్తుపట్టావు బాబూ?"

"పనిలేదు సార్, గుర్తుపడుత."

ఈ జవాబుకు మామూలు మనిషైతే నొచ్చుకుంటాడు. ఆయన కళ్లు మెరిశాయి. ఆదివారం ఇంటికి రమ్మన్నాడు.

ఆయన ఇంట్లో ఒక గది నిండా పాత సినిమాల సీడీలు. ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడిపేవాడు. పాత తెలుగు, హిందీ సినిమాల్లో కనిపించే విదేశీ స్పోర్ట్స్ కార్లేవో తేల్చి, బొమ్మతో సహా తీర్పు రాసి పెట్టేవాడు. 'తీర్పు' నా మాట కాదు, ఆయనదే. పేజీ చదివేవాళ్లలో సగం మంది ఆయనలాగే రిటైరైనవాళ్లు, మిగతా సగం ఇంకో కారు కోసం వెతుకుతూ దారితప్పి వచ్చినవాళ్లు.

మా పద్ధతి ఇది. సినిమాకు ధ్వని ఉండకూడదు. మాటలు వింటే దృష్టి చెదురుతుందని ఆయన సిద్ధాంతం. కారు వచ్చే దాకా పరుగెత్తించాలి. రాగానే ఆపాలి. ఇద్దరం చెరో చీటీ మీద ఏ కారో రాసి, మడిచి, స్టీలు గ్లాసులో వేయాలి. తరువాత విప్పి వాదించుకోవాలి. ఎవరికీ వినపడని సినిమాలో ఎవరికీ అక్కర్లేని కారు గురించి ఇద్దరు మగవాళ్లు గ్లాసులో చీటీలు వేసుకుంటున్న దృశ్యాన్ని కిటికీలోంచి ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఆ మూడేళ్లలో నా కళ్లముందు తొమ్మిది మంది తల్లులు మంచం మీద కన్నుమూశారు. ఒక్కరి చివరి మాటా నేను వినలేదు. ఒక సినిమాలో తల్లి చెయ్యి జారిపోతుంటే సారు తెర మీద వేలు పెట్టి, "మంచం వెనక కిటికీ చూశావా, బానెట్ మూల కనిపిస్తోంది" అన్నాడు. నేను చూశాను. కనిపిస్తోంది. సిగ్గుపడాల్సింది ఎవరో తేల్చలేక చీటీ రాశాను.

ఇంకో అలవాటు ఉండేది. ఇప్పుడు చెప్పే కథంతా దాని వల్లే జరిగింది. పేజీలో పెట్టే బొమ్మలను సారు కత్తిరించేవాడు. కారు తప్ప ఇంకేదీ మిగలకూడదు. చెట్లు, కొండలు, ముఖ్యంగా కథానాయికలు. "ఈవిడ అడ్డంగా ఉంది" అంటూ ఎంతెంత అందగత్తెలనో ఆయన మెడ దగ్గరికి, భుజం దగ్గరికి కోసేశాడు. కోసి, మిగిలిన సగం తలుపును పెద్దది చేసి, "ఎంత అందంగా ఉందో చూడు" అనేవాడు.

ఒక నలుపు తెలుపు తెలుగు సినిమాలో పదకొండు సెకన్లు కనిపించే రెండు సీట్ల కారొకటి మమ్మల్ని ఏడాది పాటు పీడించింది. పైకప్పు లేని బండి. ఎదురుగా, ఓ పక్క నుంచి కనిపిస్తుంది. నంబరు పలక తీసేశారు. నల్ల కళ్లద్దాల మనిషి నడుపుతుంటాడు, పక్కన చీరకట్టుతో నాయిక. నడిపే మనిషి చెయ్యి తలుపు మీద ఆని ఉంటుంది, ఉంగరం వేలు సగమే ఉంటుంది. ఆ మనిషి హీరో కాదని పిల్లవాడికైనా తెలుస్తుంది. హీరోకు పది వేళ్లు ఉండేవి. పదింటితోనూ నటించేవాడు.

బండి ఏదో తేలింది. ఇంగ్లండులో తయారై, మన దేశానికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చిన రకం. తేలనిది ఒక్కటే. అందులో స్టీరింగ్ ఎడమ పక్కన ఉంది. ఇంగ్లండు బండి, మన రోడ్డు, రెండుచోట్లా స్టీరింగ్ కుడి పక్కనే ఉండాలి. ఇక్కడ మామూలు బుద్ధి ఉన్నవాడు భుజాలెగరేసి అన్నం తినడానికి పోతాడు. సారు సిద్ధాంతం చేశాడు. ఇది ఎవరో విదేశీ రాయబారి ఓడలో తెప్పించుకున్న బండి. నడిపేది ఆయన డ్రైవరు. డ్రైవరు వేలు యుద్ధంలో పోయింది.

"ఏ యుద్ధం సార్?" అన్నాను.

"అది ఇంకా పరిశీలించాలి."

అదే సినిమాలో స్టూడియోలో తీసిన దగ్గరి షాట్లలో స్టీరింగ్ కుడి పక్కనే ఉంది. దానికి కూడా ఆయన దగ్గర మందుంది. అది స్టూడియోవాళ్లు అట్టతో చేసిన ఉత్తుత్తి కారట, మనవాళ్లు చేశారు కాబట్టి మనలాగే కుడి పక్కన పెట్టారట. నేను తలూపాను. ఇందులో నా పాపం సారు పాపం కన్నా తక్కువేమీ కాదు. ఆయన నమ్మి చేశాడు. నేను నమ్మకుండా చేశాను.

మా పార్కింగ్ జీపు ఒకటి స్తంభానికి గుద్దుకుంటే డెంటింగ్‌కు కాటేదాన్ తీసుకుపోయాను. ఫ్యాక్టరీల వెనక సందులో ఒక రేకుల షెడ్డు. దాని యజమాని అరవై దాటిన ముసలాయన. సందులో అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు, నేను చాచా అన్నాను. రేకును సుత్తితో కొడుతూ మాట్లాడతాడు, మాట ముఖ్యమైతే కొట్టడం ఆపుతాడు. షెడ్డు మూలన పట్టా కప్పి ఏదో ఉంది. పట్టా కింద నుంచి కనబడుతున్న చక్రం చూసి నా గుండె ఒక్క క్షణం ఆగింది. చక్రాన్ని చూసి గుండె ఆగే స్థితికి వచ్చానన్నమాట.

ఉస్తాద్ పట్టా లేపాడు. పాచిపట్టిన ఆకుపచ్చ రంగు. ఆ పదకొండు సెకన్ల కారే.

"ఇది సిన్మాల ఆడింది తమ్మీ," అన్నాడు. సుత్తి ఆగింది. "నేనే నడిపిన."

"హీరో నడపలేదా?"

"ఆయనకు క్లచ్ ఏందో బిరేక్ ఏందో తెల్వదు. బండి నవాబు ఖాన్‌దాన్ వాళ్లది. నేను వాళ్ల దగ్గర పని జేస్తుంటి. మా పిలగాడు తప్ప ఎవరు ముట్టొద్దని వాళ్లన్నరు, పిలగాడంటె నేనే. ఇగ హీరో విగ్గు తెచ్చి నాకు వెట్టిన్రు. నల్లద్దాలు వెట్టిన్రు. కందుకూరు దాటినంక రోడ్డు మీద పొద్దుగూకే దాంక నడిపిన."

"పక్కన హీరోయిన్ కూడా డూపేనా?"

"అసలామెనే. గుంత వచ్చినప్పుడల్లా తిట్టింది. డూపయితే ఎందుకు తిడ్తది?"

తరువాత బండి ఇంజను చచ్చిపోతే నవాబు ఇంటివాళ్లు వదిలేశారట. ఈయన తెచ్చుకుని దాచుకున్నాడు. ఈ మధ్యే ఇంకేదో బండి ఇంజను పెట్టి మళ్లీ నడిపిస్తున్నాడు. విమానాశ్రయం రోడ్డు మీద ఒక ఫామ్‌హౌస్‌లో పాతబండ్ల ప్రదర్శన పెడుతున్నారని, అక్కడ 'సినిమాలో నటించిన బండి' అని బోర్డు పెట్టి నిలబెడతానని చెప్పాడు. భూములమ్మి పెద్దవాళ్లయినవాళ్లు పెట్టే ప్రదర్శన అది. పొలంలో ట్రాక్టరు ఎక్కడం మానేసి పదేళ్లు కాలేదు, అప్పుడే పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది.

సందులో వాళ్లకు ఈ సినిమా కథ పాతది. నలభై ఏళ్లుగా వింటున్నారు, నమ్మీ నమ్మనట్టు వింటున్నారు. ఉస్తాద్‌కు కావలసింది ఆ బోర్డు. బోర్డు పడితే నలభై ఏళ్ల మాట మాటగా నిలుస్తుంది.

సారును తీసుకొచ్చాను. సారు కళ్లజోడు సవరించుకుని, బండి చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి, నిట్టూర్చాడు.

"స్టీరింగ్ కుడి పక్కన ఉందండీ. సినిమాలో ఎడమ పక్కన ఉంది. ఇది ఆ బండి కాదు."

ఉస్తాద్ కుడి చెయ్యి ముందుకు చాపాడు. ఉంగరం వేలు సగమే ఉంది. షూటింగ్‌కు ముందే, నవాబు భవంతిలో పనిచేస్తుండగా ఫ్యాన్ బెల్టులో పడి పోయిందట.

"సినిమాలో ఎడమ చెయ్యండీ," అన్నాడు సారు, ఎంతో మర్యాదగా. "మీది కుడి చెయ్యి."

"చెయ్యి నాదే సాబ్," అన్నాడు ఉస్తాద్. బండి మీద పట్టా కప్పేశాడు.

సారు ఆ వారమే తీర్పు రాశాడు. వాదన తోసిపుచ్చడమైనది అని. మరీ పొడిగా ఉందనిపించి చివర్లో నేనొక వాక్యం చేర్చాను. 'ఉస్తాద్ గారి సగం వేలు ఎడమచేతి నుంచి కుడిచేతికి ఎప్పుడు బదిలీ అయిందో, ఉత్తర్వులు ఎవరిచ్చారో తెలియరాలేదు.' ఆ పేజీ చరిత్రలో జనం ఇంకొకరికి పంపుకున్న ఏకైక వాక్యం అదే. అది ఫోన్ల మీద ఎక్కి కాటేదాన్ చేరింది.

నెల తర్వాత ఇంకో జీపు గుద్దుకుంది. దారితప్పడంలో మా డ్రైవర్లు నా పాఠకులకు తీసిపోరు. షెడ్డు ముందు నిలబడ్డాను. ఎదుటి చాయ్ హోటల్ నుంచి ఒకాయన కేకేశాడు.

"ఉస్తాద్, ఇయ్యాల ఏ చేతికి డ్యూటీ?"

"రెండింటికి సెలవే," అని ఇంకొకడు. హోటలంతా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. నేను కుట్టిచ్చిన నవ్వు.

ఉస్తాద్ రేకు కొడుతూనే ఉన్నాడు. పోయేముందు నేనే అడిగాను, ప్రదర్శనకు బండి పోతుందా అని.

"రమ్మన్నరు. బోర్డు మాత్రం వద్దన్నరు. నెట్‌ల ఏదో చదివిన్రంట." సుత్తి ఆగింది. "బోర్డు లేకుంటే బండి రాదన్న."

ప్రదర్శన వచ్చే ఆదివారమే ఉంది. నేను బస్సెక్కాను. పశ్చాత్తాపం లాంటిదేదో పట్టి ఉంటుందనుకుంటారు, పట్టలేదు. తప్పు చెప్పినవాణ్ణి తప్పన్నాం, అంతే కదా అనుకున్నాను. కానీ ఆ మనిషి ఇంకో అబద్ధం ఆడకపోవడం నన్ను సతాయించింది. అబద్ధాలకోరు అయితే ఈపాటికి వేలికి ఇంకో కథ అల్లి ఉండాలి. పార్కింగ్‌లో చీటీ పోగొట్టుకున్నవాళ్లను రోజూ చూసేవాణ్ణి. దబాయించేవాడు ప్రతిసారీ కొత్త కథ చెబుతాడు. నిజంగా పోగొట్టుకున్నవాడు ఒకటే మాట మళ్లీ మళ్లీ చెబుతాడు.

ఆ గురువారం నాకు సెలవు. ఇంట్లో టీవీ మీద ఆ సినిమా పెట్టి, ఆ చోట ఆపి, వేలిని చూస్తూ కూర్చున్నాను. అమ్మ పక్కన అనపకాయలు ఒలుస్తోంది.

"ఏంది రా, బొమ్మ నిలవడ్డది?"

"కారు చూస్తున్న."

అమ్మ కూడా చూసింది. కారును కాదు.

"గామె కొంగు గట్లెందుకేసుకున్నది?"

"ఎట్లేసుకున్నది?"

"కుడి బుజం మీద. గుజరాతామెనా?" అమ్మ ఇంకో కాయ ఒలిచింది. "కాదు, గీ సిన్మ నేను చూసిన. గామె మనూరి పటేలు బిడ్డ. మొదట మంచిగనే ఏసుకుంటది."

నేను వెనక్కి తిప్పాను. మూడేళ్లలో మొదటిసారి ధ్వనితో సహా పెట్టాను. కారెక్కే ముందు షాట్: అదే చీర, పైట ఎడమ భుజం మీద. కారు దిగిన తర్వాత షాట్: పైట ఎడమ భుజం మీద. మధ్యలో పదకొండు సెకన్లు మాత్రమే కుడి భుజం మీద. ఎవరో ఎడిటరు, బండి ముందు షాట్లో పోయిన దిక్కుకే పోతున్నట్టు కనబడాలని, ఆ ముక్కను తిరగేసి అతికించాడు. బొమ్మ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడింది. స్టీరింగ్ అటు పోయింది. చెయ్యి అటు పోయింది. సగం వేలు ఉత్తర్వులు లేకుండానే బదిలీ అయింది.

మేము ఏడాది పాటు ఆ బొమ్మనే చూశాం. కాకపోతే కత్తిరించి చూశాం. ఆవిడ అడ్డంగా ఉందని.

"ఏమైంది రా?" అంది అమ్మ.

"ఏం కాలేదు. నువ్వు ఏడాది ముందు చూసుంటే బాగుండు."

"నన్నెవడు పిలిచిండు?"

సారుకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు విన్నాడు. "కొన్ని ప్రాంతాల్లో స్త్రీలు కుడి భుజం మీదే వేసుకుంటారు బాబూ," అన్నాడు. అదే సినిమాలో ముందూ వెనకా చూడమన్నాను. ఆయన దగ్గర ముందూ వెనకా లేవు, కారున్న ముక్కలే కోసి పెట్టుకున్నాడు. సీడీ వెతికి చూసి గంట తర్వాత మళ్లీ చేశాడు. "మన పేజీ విశ్వసనీయత ఏం కావాలి?" అన్నాడు. విశ్వసనీయత ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న అది. మన పదిహేడు మంది పాఠకులకు నేను చెబుతాను లెండి అన్నాను. కోస్తా మర్యాదతో ఆయన ఫోన్ పెట్టేయలేదు, నేను పెట్టేసేదాకా ఆగాడు. కానీ శుక్రవారం పొద్దున కాటేదాన్ సందు మొదట్లో నాకంటే ముందు నిలబడి ఉన్నాడు, ల్యాప్‌టాప్ సంచి గుండెకు హత్తుకుని.

ఉస్తాద్‌కు చెప్పాం. ఆయనకు ఎడిటరు సంగతి, అతికించడం సంగతి ఎక్కలేదు. సారు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మను తిరగేసే మీట కోసం వెతుకుతున్నాడు. ఉస్తాద్ లేచి, ఒక లారీ తలుపుకుండే పక్క అద్దం తెచ్చి, తెర ముందు పట్టుకుని, దాంట్లోకి చూశాడు. అంతే. సారు వేలు మీట మీదే ఆగిపోయింది.

అద్దంలో బండి సరైన దిక్కుకు పోయింది. స్టీరింగ్ కుడి పక్కన. తలుపు మీద కుడి చెయ్యి. పదకొండు సెకన్లు. ఉస్తాద్ మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాం. నాలుగోసారి మాట్లాడాడు.

"అప్పుడు టాకీస్‌ల చూసిన. నా చెయ్యి లెక్కనే ఉన్నది, గని నా దిక్కు లేదు. ఇంకెవన్నో పెట్టి మల్ల తీసిన్రేమో అనుకున్న. ఇరవై మందిని తీస్కపోయిన చూడనీకి. బయటకొచ్చి నేనేం చెప్పలే. వాళ్లేం అడగలే."

అంటే నలభై ఏళ్లు తన మాట తనకే పూర్తిగా నమ్మకం లేకుండా చెప్పాడు. దీని మీద వేయడానికి నా దగ్గర జోకు ఉండాల్సింది. వెతికాను, దొరకలేదు.

"ఆ ముందటి మడ్‌గార్డ్ చూడు," అన్నాడు అద్దంలోకి వంగి. "ఎంత గలీజ్ పని. ఏ గాడిద కొట్టిండో."

"ఎవరు చాచా?"

"నేనే. షూటింగ్ పొద్దుగాల చెట్టుకు తగిలిచ్చిన. ఒక్క గంటల సాపు జేసిన."

సారు గొంతు సవరించుకుని, సాయంత్రానికి పేజీలో సవరణ పెడతామని, కత్తిరించని బొమ్మ పెడతామని, ప్రదర్శనవాళ్లకు ఉత్తరం ఇస్తామని చెప్పాడు. ఉస్తాద్ సరే అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"ఆ బదిలీ మాట రాసింది నువ్వే గదా?"

"నేనే."

"మంచిగ రాసినవ్. నాకే నవ్వొచ్చింది." సుత్తి తీసుకున్నాడు, కొట్టలేదు. "నెట్‌ల ఏం రాస్తరో రాస్కోన్రి. మా హోటల్ల ఎవడు సవరణ చదవడు. ఆడికి వచ్చి నోటితోని చెప్పు."

చాయ్ హోటల్లో ఎనిమిది మంది ఉన్నారు. ఉస్తాద్ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు, సారు తలుపు దగ్గర సంచితో నిలబడ్డాడు. వేలి మాట రాసింది నేనేనని మొదలుపెట్టాను. వాళ్ల ముఖాలు వెలిగాయి, రచయిత స్వయంగా వచ్చాడు కదా. బొమ్మ తిరగబడిందని చెప్పాను. మా అమ్మ చీర కొంగు చూసి పట్టిందని చెప్పాను. సినిమాలో నడిపింది ఉస్తాదే, ఆ చెయ్యి ఉస్తాద్‌దే, తప్పు మాదే అని చెప్పి ఆపాను.

అందరూ ఎదురుచూస్తున్నారు. వాళ్లు ఎదురుచూస్తున్నది దేనికో నాకు తెలుసు. నేను అలవాటు చేసిన జోకు కోసమే.

"ఇంతేనా?" అన్నాడు, ఆ రోజు డ్యూటీ అడిగిన ఆయన.

"ఇంతే."

ఆయన కాసేపు నన్ను, కాసేపు ఉస్తాద్‌ను చూశాడు. "అయితే ఉస్తాద్, పక్కన కూసున్నది అసలు హీరోయినేనా?"

ఉస్తాద్ సాసరు కుడిచేత్తో పట్టుకున్నాడు. సగం వేలు బయటికి కనిపించేలా పట్టుకున్నాడు, చాయ్ ఊదుకున్నాడు.

"గుంత వచ్చినప్పుడల్లా తిట్టింది," అని మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ మధ్యలో మాట్లాడలేదు.